ఆపత్కాలంలో ఆరోగ్యసేవ: విద్యార్థికి ముందుగా నేర్పవలసిన విద్య

2020 డిసెంబరు మొదటి వారంలో మనకు పొరుగున ఉన్న ఏలూరు పట్టణంలో ఒక వింత వ్యాధి పొడసూపినది. నడుస్తున్నవారు నడుస్తున్న చోటనే, పనిలో ఉన్నవారు పని మధ్యలోనే కుప్పకూలి మూర్ఛపోయారు. నోట నురుగు, కాలు సేతులు కొట్టుకొనుట, కొంతసేపటికి తెలివి వచ్చుట, పిదప తలనొప్పి, నీరసం – ఇవి లక్షణాలు. కొద్ది రోజులలోనే ఆరువందల మంది వరకు దీని పాలబడ్డారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు రోగుల రక్తంలో సీసం, నికెల్ లోహాలను గుర్తించారు. పురుగుమందుల మీద కూడ అనుమానం పొడమినది. అత్యధికులు గంటలలోనో, ఒకటి రెండు దినాలలోనో కోలుకొని ఇండ్లకు చేరినందున ఆ సంఘటన క్రమక్రమంగా ప్రజల స్మృతిపథం నుండి తొలగిపోయినది.

ఆ వార్తలు చదివిన దినాలలో నా ఆలోచన వ్యాధి మీదకంటె, మూర్ఛపోయినవాని చుట్టూ గుమికూడిన జనం మీదికే పోయినది. అటువంటి సమయంలో మనవాళ్ళు ఏమి చేస్తారో మనమందరం చూచినదే. ఒకరు తాళపుచెవుల గుత్తి తెచ్చి చేతిలో కుక్కుతారు. ఒకరు ఉల్లిపాయ చితకకొట్టి ముక్కు దగ్గర పెడతారు. ఇంకొకరు పండ్ల మధ్య చెంచా దూర్చుటకు పెనుగులాడతారు. కాళ్ళు చేతులు కదలకుండ నలుగురు అదిమి పట్టుకొంటారు. నోటిలో నీళ్ళు పోసేవారికి కూడ కొదువ లేదు. వీరందరూ దయగలవారే, సాయం చేయవలెనన్న తపన లేకపోతే ఆగనే ఆగరు. కాని ఆ సమయంలో చేయవలసిన పని మరొకటి. చుట్టుప్రక్కల రాయి రప్పా తొలగించి, తలక్రింద మెత్తని గుడ్డ పెట్టి, రోగిని ఒక ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, నోటిలో ఏమియు పెట్టక, గడియారం చూచుకొనవలెను. అయిదు నిమిషాలు దాటినను మూర్ఛ ఆగనిచో ఆలస్యం చేయక 108 వాహనాన్ని పిలువవలెను. ఇంతే. దీనిని నేర్పుటకు పది నిమిషాలు చాలును. పదునైదేండ్లు బడులలోను కళాశాలలలోను గడిపి పట్టా పుచ్చుకొన్న మనవారిలో ఈ పది నిమిషాల విద్య అబ్బినవారెందరు?

ఈ ప్రశ్ననే విద్యార్థుల ఎదుటను, కళాశాల కార్యవర్గం ఎదుటను ఉంచదలచినాను. అంటువ్యాధులు, వరదలు, వడగాడ్పులు వచ్చినపుడు యువకులు ముందుకు రావలెనని సభలలో పిలుపులిచ్చుట మనకు అలవాటు. పిలిచిన వెంటనే యువకులు వస్తారు కూడ. వచ్చినవారికి ఏమి చేయవలెనో తెలియకపోవుటయే మన లోపం. ఆపద వచ్చిన తరువాత శిక్షణ ఇచ్చుటకు ఏ వైద్యునికిని తీరిక ఉండదు. తీరిక ఉన్న దినాలలో, అనగా ఇప్పుడు, మామూలు డిగ్రీ విద్యార్థికి ఈ శిక్షణ ఇచ్చి ఉంచవలెను.

"వైద్యవిద్యార్థులున్నారు కదా, బి.ఏ., బి.కాం. చదివేవారితో ఏమి పని?" అని అడుగవచ్చును. 2021 మే 3వ తేదీన, రెండవ విడత కరోనా ఉద్ధృతంగా ఉన్న సమయంలో, కేంద్రప్రభుత్వం తీసికొన్న నిర్ణయం ఈ దృష్టితోనే ఉన్నది. ఎం.బి.బి.ఎస్. చివరి సంవత్సరం విద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణలో ఫోను ద్వారా సలహాలిచ్చుటకు, స్వల్ప లక్షణాలున్న రోగులను గమనించుటకు వినియోగించవచ్చుననియు, నూరు దినాలు విధి నిర్వహించినవారికి ప్రభుత్వ నియామకాలలో ప్రాధాన్యమిత్తుమనియు ప్రకటించారు. మంచిదే. కాని వైద్యకళాశాలలు నగరాలలో ఉన్నవి. తిరువూరులో ఉన్నవి మనవంటి కళాశాలలే. మన పట్టణం జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దున ఉన్నది. విజయవాడలోని పెద్దాసుపత్రికి పోవలెనన్న గంటన్నరకు తక్కువ పట్టదు. అవతలి రాష్ట్రానికి పోదమన్న, 2021 మే నెలలో ఆంధ్ర నుండి పోయే అంబులెన్సులను సరిహద్దుల వద్ద నిలిపివేసిన సంగతి, న్యాయస్థానం జోక్యం చేసికొనవలసి వచ్చిన సంగతి మనం మరువలేదు. ఊరిలో ఉన్న చేతులతోనే మొదటి గంట గడుపవలసిన స్థితి మనది.

వైద్యం తెలియనివాడు వైద్యానికి సాయపడగలడా అన్న సందేహానికి చరిత్రలో మంచి సమాధానం ఉన్నది. 1971లో తూర్పు బెంగాల్ నుండి కాందిశీకులు లక్షలాదిగా మన దేశానికి తరలి వచ్చినపుడు బన్‌గాఁవ్ శిబిరంలో కలరా చెలరేగినది. నరాల ద్వారా ఎక్కించే సెలైను నిలువలు అడుగంటినవి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అను యువవైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో నింపించి, గ్లాసులతో త్రాగించుమని రోగుల బంధువులకే అప్పగించినాడు. తల్లులు, అన్నదమ్ములు, చెల్లెండ్రు రోగి ప్రక్కన కూర్చుండి గుటక గుటకగా పట్టించారు. నూటికి ముప్పది వరకు ఉన్న మరణాలు నాలుగుకు లోపడినవి. సూది గ్రుచ్చనేరని చేతులే అక్కడ ప్రాణాలను నిలిపినవి. ఆ మహనీయుడు 2022లో కన్నుమూసిన తరువాతనే పద్మవిభూషణ్ వచ్చినది. మన దేశంలో గౌరవాలు కూడ సెలైను సీసాల వలెనే ఆలస్యంగా చేరును.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో 1952లో జరిగినది ఇంతకంటె ఆశ్చర్యకరమైనది. పోలియో వ్యాపించి, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడిన రోగులతో ఆసుపత్రి నిండిపోయినది. మొదటి వారాలలో అట్టి రోగులు 31 మందిలో 27 మంది మరణించారు. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు నిపుణుడు రోగి గొంతులో గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరి అందించవచ్చునని చూపినాడు. యంత్రాలు చాలవు. అపుడు దాదాపు పదునైదువందల మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల తలాపున కూర్చుండి, రేయింబవళ్ళు, వారాల తరబడి ఆ సంచిని నొక్కినారు. మరణాలు ఎంతో తగ్గినవి. వారు వైద్యవిద్యార్థులే అగుగాక. వారు చేసినది శస్త్రచికిత్స కాదు. ఒకే ఒక పని, క్షుణ్ణంగా నేర్పబడిన పని, పైన ఒక వైద్యుని కన్ను ఉండగా చేసిన పని.

మన దేశంలో ఇంకను వెనుకకు పోయినచో, 1899లో కలకత్తాలో ప్లేగు వచ్చినపుడు సోదరి నివేదిత విద్యార్థులను సమావేశపరచి ప్లేగు సమయంలో వారి ధర్మమేమో వివరించినది. కొందరు ముందుకు వచ్చి బస్తీ సందులను శుభ్రపరచే పనిలో పాల్గొన్నారు. చీపురు పట్టుట వైద్యమా అని వారు ప్రశ్నించలేదు. 1897లో పుణె పరిసరాలలో ప్లేగు రోగులకు సేవచేస్తూ ఆ రోగంతోనే అసువులు బాసిన సావిత్రీబాయి ఫూలే ఉపాధ్యాయినియే కదా.

ఇంతవరకు చెప్పినవి ఇతర ప్రాంతాల సంగతులు. మన జిల్లా విషయానికి వద్దాము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు మనమందరం కృష్ణాజిల్లావారమే. వేలాది ప్రాణాలు పోయినవి. మిగిలినవారికి త్రాగుటకు ఉప్పుకలవని నీరు కరవైనది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట, మన ఎన్.టి.ఆర్. జిల్లాలోనే బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతాన్ని దినాల తరబడి ముంచివేసినది. ఆ ఏరు పుట్టినది మనం విజయవాడకు పోయే దారిలోని మైలవరం ప్రాంతపు కొండలలోనే. అన్నం పొట్లాలు పంచుటకు యువకులు బారులు తీరినారు. మేడమీద చిక్కుకొన్న చక్కెర వ్యాధిగ్రస్తునికి మందు అయిపోయినదా, నిండు చూలాలు ఏ ఇంట ఉన్నది, పసిబిడ్డకు విరేచనాలు ఏ దినాన మొదలైనవి అను వివరాలు వ్రాసికొనే పని అటువంటి సమయంలో ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు. అదే సంవత్సరం అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు మరణించారు.

నా దృష్టిలో విద్యార్థికి నేర్పవలసిన వానిలో అత్యంత ముఖ్యమైనది ఈ వ్రాసికొనే విద్యయే. కట్టు కట్టుట, గుండె ఆగినవాని రొమ్ము నొక్కుట తప్పక నేర్పవలెను. వానిని గురించి వాదన అక్కరలేదు. కాని జబ్బు వ్యాపించినపుడు వైద్యునికి కావలసిన మొదటి ఆయుధం మందు కాదు, పట్టిక. పేరు, వయస్సు, వీధి, లక్షణం మొదలైన దినం, వేళ, త్రాగిన నీరు ఏ కుళాయిది, తిన్న కూర ఎక్కడ కొన్నది – ఈ వరుసలు సరిగ నిండినచో ఏ వీధిలోని గొట్టం పగిలినదో ఇంచుమించుగా తెలిసిపోవును. ఏలూరులో నిపుణులు ఇంటింటికి పోయి అడిగినవి ఇట్టి ప్రశ్నలే. మన వాణిజ్యశాస్త్ర విద్యార్థి ఆవర్జా వ్రాయగలడు. గణాంకాల తరగతిలో సగటులు కట్టగలడు. ఆ నేర్పునే రోగుల పట్టికకు మళ్ళించుట ఎంతసేపటి పని? అడిగే తీరు మాత్రం శ్రద్ధగా నేర్పవలెను. "మీ ఇంట్లో ఎవరికైనా జబ్బా?" అని గుమ్మంలో నిలబడి కేక వేసినచో "లేదు" అను సమాధానమే వచ్చును.

ఇక్కడ మన కళాశాలకు ఉన్న ఒక ప్రత్యేకతను ప్రస్తావించవలెను. ఉర్దూ, తెలుగు – రెండు భాషలు మన వరండాలలో ప్రక్కప్రక్కన నడుచుచున్నవి. తండాల నుండి వచ్చే విద్యార్థులకు లంబాడీ మాట కూడ ఉన్నది. ఇది ఆపత్కాలంలో ఎంతటి సంపదయో 2020లో తెలిసివచ్చినది. ఆ సంవత్సరం మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సంగతి బయటపడిన తరువాత దేశమంతట ముస్లిములను వేలెత్తి చూపుట, కూరగాయల బండ్లవారిని కూడ వీధులలోనికి రానీయకపోవుట జరిగినది. అదే ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై కేసులను కొట్టివేయుచు వారిని బలిపశువులను చేసినారని వ్యాఖ్యానించినది. కాని ఏప్రిల్‌లో పడిన గాయం ఆగస్టు తీర్పుతో మానదు. దీనికి తోడు అంతకు ముందు శీతాకాలమంతయు పౌరసత్వ పట్టికల చర్చతో గడిచినందున, కాగితం కలం పట్టుకొని పేర్లు వ్రాసికొనుటకు ఎవరు వచ్చినను మొహల్లాలలో తలుపులు మూసికొనే భయం దేశంలో పలుచోట్ల కనబడినది. జ్వరం లెక్కకు వచ్చిన ఆశా కార్యకర్తకు ఆ భయమే ఎదురైనది. ఆమె తప్పు లేదు; తలుపు మూసినవారిని మాత్రం పూర్తిగా తప్పు పట్టగలమా?

ఆ తలుపును తెరిపించగలది ఎవరు? ఆ వీధి పిల్లయే. "ఖాలాజాన్, మీకు దగ్గు ఎన్నాళ్ళ నుండి?" అని ఉర్దూలో అడిగే పిల్ల, ప్రక్కవీధిలో "పెద్దమ్మా, కాస్త వేలు ఇటివ్వండి" అని పల్స్ ఆక్సీమీటరు తొడిగే పిల్ల. పరదా పాటించే ఇంట పురుష కార్యకర్త గడప దాటలేడు; మన విద్యార్థిని లోపలి గది వరకు పోగలదు. కనుక ఈ శిక్షణలో ఆడపిల్లలను చేర్చుట దయాధర్మం కాదు; వారు లేనిదే సగం ఊరు లెక్కకు రాదు.

మతదృష్టితో సందేహించేవారికి ఒక మాట. వ్యాధి ప్రబలిన ఊరికి వెలుపలివారు పోరాదనియు, ఆ ఊరివారు వెలుపలికి రారాదనియు మన ప్రవక్త బోధించిన సంగతి మౌల్వీలు ఎరుగనిది కాదు. సిరియాలో ప్లేగు ఉన్నదని విని ఖలీఫా ఉమర్ సహచరులతో సంప్రదించి దారి మధ్యనుండియే మరలిన వృత్తాంతమును అందరికి తెలిసినదే. జాగ్రత్త అవిశ్వాసం కాదు. శుక్రవారం నాడు మసీదు మైకులో, ఆదివారం చర్చిలో, సాయంకాలం రామాలయం అరుగు మీద ఒకే సూచనను ఒకే విధంగా చెప్పించగలిగిన విద్యార్థి బృందం పది కరపత్రాల పెట్టు. కరోనా కాలంలో తిరుపతిలో ముస్లిం యువకుల బృందం ఒకటి, అయినవారు కూడ తాకుటకు జంకిన మృతదేహాలకు మతభేదం లేక అంత్యక్రియలు జరిపించినది. ఆ యువకులకు ధైర్యంతోపాటు రక్షణ దుస్తులు ధరించు పద్ధతి, విడుచు పద్ధతి కూడ తెలిసి ఉండవలసి వచ్చినది. విడుచునప్పుడే ఎక్కువ ప్రమాదం అని వైద్యులు చెప్పుదురు.

సమయమెక్కడిదని అధ్యాపక మిత్రులు అడుగుదురు. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. ఏడు దినాల ప్రత్యేక శిబిరం దీనికి తోడు. ఆ గంటలు ఎట్లు గడచుచున్నవో దాపరికం లేకుండ చెప్పుకొందము. ఆవరణ ఊడ్చుట, ఊరేగింపు, ఫొటో. మొక్కలు నాటుట అయితే, ఏటేటా అవే గుంతలు త్రవ్వి నాటుచున్నామని మన తోటమాలి నవ్వుచుండును. ఆ 240 గంటలలో ముప్పది గంటలు ఈ విద్యకు కేటాయించినచో చెట్లకు వచ్చే నష్టమేమియు లేదు. ప్రభుత్వాసుపత్రి వైద్యుడు, స్టాఫ్ నర్సు, ఒక ఏ.ఎన్.ఎం., ఒక ఆశా కార్యకర్త – ఈ నలుగురు గురువులు చాలును. రెడ్ క్రాస్ వారి ప్రథమచికిత్స శిక్షణ ఉండనే ఉన్నది. ఏటా వేసవికి ముందు ఒకసారి, వానలకు ముందు ఒకసారి పునశ్చరణ జరుగవలెను. వడదెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుచుచు విసరుట, తెలివి లేనివాని నోట నీరు పోయకుండుట ఏప్రిల్‌లోపల నేర్పవలసిన పాఠం. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా ఎండకు బలియైనారు. లీటరు నీటిలో ఆరు సమమైన టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు అను లెక్క, లీటరుకు ఉద్దేశించిన ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని గ్లాసెడు నీటిలో కలుపరాదను హెచ్చరిక జూన్‌కు ముందటి పాఠం.

ఏ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండాల వ్యాధి ఏండ్ల తరబడి మనుషులను కృంగదీయుచున్నది. అది పిడుగువలె పడినది కాదు కనుక ఎవరును అత్యవసర పరిస్థితి అనరు. శిక్షణ పొందిన విద్యార్థులు ఊరకుండ నక్కరలేదు. ఆరోగ్య సిబ్బంది వెంట తండాలకు పోయి, పరీక్షలకు ఎవరు రాలేదో, ఏ నీరు త్రాగుచున్నారో గమనించి వ్రాయుట వారికి అభ్యాసమగును.

హద్దుల విషయంలో మాత్రం కఠినంగా ఉండవలెను. మన పల్లెలలో సగం వైద్యులకు కొదువ లేదు; వారి సంఖ్యకు మన విద్యార్థులను కలుపుట నా ఉద్దేశం కాదు. సూది వేయరాదు. మాత్ర పేరు చెప్పరాదు. రోగి పేరు వీధిలో గాని ఫోనులో గాని బయటపెట్టరాదు. ఇది తప్పినచో ఒక్కసారిగా తొలగించవలెను. 2020 ఏప్రిల్‌లో ఎన్.సి.సి. కేడెట్లను సహాయానికి పిలిచినపుడు పదునెనిమిదేండ్లు దాటిన స్వచ్ఛంద కేడెట్లనే తీసికొని, సహాయ కేంద్రాల ఫోన్లు, సామగ్రి పంపిణీ, వివరాల నమోదు, వరుసలను సరిచూచుట వంటి పనులే ఇచ్చి, శాంతిభద్రతల విధులకు, వ్యాధి తీవ్రంగా ఉన్న ప్రాంతాలకు పంపరాదని నియమించినారు. ఆ నియమం మనకును శిరోధార్యం. ఉబ్బసం వంటి జబ్బులున్న పిల్లలకు, ఇంటిలో వృద్ధులను చూచుకొనే పిల్లలకు ఫోను దగ్గర పని ఇవ్వవలెను.

తల్లిదండ్రుల భయం సహజమైనది. "చదువుకొనుమని పంపినాము గాని రోగాల మధ్యకు పొమ్మని కాదు" అని ఒక తండ్రి అన్నచో దానికి ఉపన్యాసం సమాధానం కాదు. సంతకం అడుగుటకు ముందు పిల్ల ఏ పని చేయునో, ఏ పని చేయదో, ఏ రక్షణసామగ్రి ఇత్తుమో, జబ్బుపడినచో ఖర్చు ఎవరు భరింతురో వ్రాసి చూపవలెను. చివరి అంశం కార్యవర్గం నిర్ణయించవలసినది. మూకుమ్మడి బీమాకు సంవత్సరానికి ఎంతయగునో విచారించి, వార్షికోత్సవపు షామియానా ఖర్చుతో పోల్చి చూడవలసినదిగా కోరుచున్నాను.

సామగ్రి విషయానికి వస్తే ఒక అభ్యాస బొమ్మ, రెండు ఆక్సీమీటర్లు, రక్తపోటు యంత్రం ఒకటి, క్లోరిన్ బిళ్ళలు, కట్టుగుడ్డలు, రెండు భాషలలో గీతలు గీసిన పట్టికల పుస్తకం. మధ్యాహ్నం మూడు తరువాత ఖాళీగా ఉండే గది మనకు ఉన్నది. ఆసుపత్రి అధికారికి కళాశాల తరఫున లేఖ ఒకటి పోవలెను. తల్లిదండ్రుల అంగీకారపత్రం ఉర్దూ ప్రతిని ఉర్దూ శాఖవారు, తెలుగు ప్రతిని మేము, కార్యవర్గపు రాబోవు సమావేశానికి ముందే సిద్ధపరచి ఉంచెదము.